ఎర్రచుక్కల మ్యాపు

ఆమె పోయిందన్న సంగతి నాకు హార్డ్‌వేర్ షాపు ముందు, చేతిలో సాసేజ్ పెట్టిన బ్రెడ్డు ముక్క ఉండగా తెలిసింది. మెల్‌బోర్న్ శివార్లలో, పాయింట్ కుక్‌లో మా ఇంటి కంచె పలకలు గాలికి ఊడితే మేకులు కొందామని వెళ్ళాను. ఎప్పుడో ఒకే ఆఫీసులో నాతో పనిచేసిన మూర్తి అక్కడ తగిలాడు. ముందు పిల్లల యూనివర్సిటీ చదువుల గురించి, తర్వాత తన మోకాళ్ళ గురించి మాట్లాడి, పోతూ పోతూ, "అన్నట్టు మన మట్టితవ్వే మేడమ్ పోయిందంట, విన్నావా? బెంగళూరులో. పోయిన నెల్లోనే" అన్నాడు. షాపులో ఏదో సరుకు అయిపోయిందన్నంత తేలిగ్గా అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కానీ అతన్ని ఒక్కణ్ణీ అని ఏం లాభం? ఆ రోజుల్లో మెల్‌బోర్న్ తెలుగువాళ్ళందరి నోటా ఆమె పేరు అదే.

అసలు పేరు నేనిక్కడ రాయను. పేరు అచ్చులో కనిపిస్తే ఆమెకు చిరాకు. ఒకసారి ఆఫీసు పత్రికలో ఫొటో వేసి పొగిడితే, ఆ ప్రతులు దొరికినన్ని ఏరి తెచ్చుకుని కారు డిక్కీలో మట్టి బూట్ల కింద పరుచుకుంది.

అవి రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ పిచ్చెక్కిపోతాయని లోకం వణుకుతున్న రోజులు. ఆ వణుకే మాబోటివాళ్ళకు అన్నం పెట్టింది. కోబాల్ అనే పాత కంప్యూటరు భాష వచ్చినవాడికల్లా వీసా దొరికింది. రానివాడు వచ్చని చెప్పి విమానమెక్కాడు. నేను గుంటూరు నుంచి హైదరాబాదు మీదుగా వచ్చి ఇక్కడొక ఇన్సూరెన్సు కంపెనీలో పడ్డాను. ఆమె అప్పటికే అక్కడ పాతుకుపోయిన మనిషి. నలభై దాటిన వయసు, అనంతపురం యాస, మగవాళ్ళ చొక్కా, ముక్కుపుడక, ఎండాకాలంలో కూడా మెడచుట్టూ ఉన్ని మఫ్లరు. ఆంటీ అంటే వినపడనట్టు ఉండేది. మేడమ్ అంటే ఎగాదిగా చూసేది. అక్కా అంటేనే పలికేది.

మేం సరిచేసిన ప్రోగ్రాములన్నీ ఆమె కళ్ళ కింద నుంచి పోవాల్సిందే. తెర మీద ఏదో ఒక అంకె దగ్గర వేలు పెట్టి, "ఇది యాడనుంచి లెక్క?" అనేది.

"అక్కా, అది రోజుల సంఖ్య. కరెక్టుగానే వస్తోంది."

"వస్తాది లేబ్బా. ఏ దినం నుంచి లెక్కబెట్టినావని అడుగుతాండా. నువ్వొక దినం నుంచి, పక్కనోడు ఇంగొక దినం నుంచి లెక్కబెట్టినారనుకో, ఇద్దరిదీ కరెక్టే. కంపెనీ మాత్రం మునిగిపోతాది."

ఇంటికి పోయే ట్రైను తప్పిపోతుంటే ఈ పాఠం వినడం ఎవరికి ఇష్టం? నాకు తిక్కగా ఉండేది. పైగా ఆమె చెప్పేది మెల్లగా చెప్పదు. చుట్టూ పదిమంది తలెత్తి చూసేంత గొంతు. ఆమె నా సీటు వైపు వస్తోందంటే రాసిందంతా మళ్ళీ మొదటి నుంచి చూసుకునేవాణ్ణి. తప్పు చేసినా చేయకపోయినా అంతే.

శుక్రవారం సాయంత్రానికి ఆ మనిషి వేరు. శనివారం తెల్లారి మెటల్ డిటెక్టరు కారులో వేసుకుని బెండిగో వైపు పాత బంగారు గనుల అడవుల్లోకి పోయేది. డిటెక్టరంటే ఏమీ లేదు, పొడుగాటి కర్ర చివర పళ్ళెమంత చుట్ట. నేల మీద ఊపుకుంటూ పోతే కింద లోహమున్న చోట చెవిలో కూత పెడుతుంది. దానికి కావలసిన పర్మిట్టు ఎప్పుడూ పర్సులోనే ఉండేది. ఒకప్పుడు బంగారం కోసం ప్రపంచం నలుమూలల నుంచి జనం వచ్చి ఆ అడవుల్ని ఎలుకలు తవ్వినట్టు తవ్వి వదిలేశారు. ఊళ్ళు లేచాయి, పడిపోయాయి. ఇప్పుడక్కడ బెరడు నల్లగా మాడినట్టున్న చెట్లు తప్ప ఏమీ లేవు.

"ఇంత జీతం వస్తుంటే ఆ మట్టి తవ్వుకోవడం ఏంటండీ, బంగారం పిచ్చి కాకపోతే" అని తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ డిన్నర్లలో ఆడవాళ్ళు అనుకునేవారు. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదేనని ఒకాయన ఆమె ముందే అన్నాడు. ఆమె పులిహోర తింటూ, "నాకు ఎలకే కావాల్లేన్నా" అంది. ఆయనకు నవ్వాలో మానాలో తెలియలేదు.

నిజానికి ఆమెకు బంగారం అక్కరలేదు. ఒకసారి కందిపప్పు బద్దంత దొరికితే, "ముక్కుపుడక్కు గూడా చాలదు" అని అగ్గిపెట్టెలో వేసి మరిచిపోయింది. గుండీలు, బెల్టు కొక్కీలు, గుర్రపు నాడాలు, కుట్టుపని చేసేటప్పుడు వేలికి తొడుక్కునే ఇత్తడి తొడుగులు, ఇవి దొరికితే మాత్రం మొహం విప్పారేది. అవన్నీ కడిగి, ఆ పక్క ఊళ్ళో ముసలివాళ్ళు నడుపుకునే చిన్న మ్యూజియంలో ఇచ్చి వచ్చేది. తవ్విన ప్రతి గుంతా పూడ్చి, మడమతో తొక్కి, మళ్ళీ ఆకులు కప్పి గానీ కదిలేది కాదు. ఎంత చిన్న గుంతైనా సరే. అరచేయంత గుంత కోసం వానలో నన్ను వెనక్కి నడిపించిన రోజుంది.

ఫుట్‌స్క్రేలో ఆమె ఉండే చిన్న యూనిట్‌లో అన్నం బల్ల మీద గాజు పలక, దాని కింద మ్యాపులు. ప్రభుత్వ సర్వేవాళ్ళు డెబ్బైల్లో వేసినవి. కొండల ఎత్తుపల్లాలు గోధుమరంగు గీతల్లో, వాగులు నీలంలో, కూలిన ఇళ్ళు చిన్న చతురస్రాల్లో. కంచం పక్కకు జరిపి, మజ్జిగన్నం కలుపుతూనే ఎడమచేత్తో భూతద్దం పట్టుకుని చూసేది. "ఈడ బడి. ఈడ హోటలు. ఈడ చీనావాళ్ళ తోటలు" అని చదివేది. ఇప్పటి మ్యాపుల్లో ఆ పేర్లు లేవు. పాత మ్యాపులో బడి అని ఉన్నచోటికి పోయి డిటెక్టరు పెడితే రాతపలకల చట్రాల మేకులు, పిల్లల గుండీలు దొరికేవి. చెట్లు తప్ప ఏమీ లేని చోట, ఒకప్పుడు గంట కొడితే పరిగెత్తిన పిల్లలున్నారని నేను నమ్మింది ఆ గుండీలు చేతిలోకి వచ్చాకే.

కానీ ఆ మ్యాపుల్లో ముద్రించనివి కూడా ఉండేవి. ఎర్ర చుక్కలు. అవి ఆమె పెట్టినవి. స్టేట్ లైబ్రరీలో కూర్చుని, నూరేళ్ళ కిందటి గనుల పటాల నకళ్ళు తీయించి చూసి, షాఫ్టు ఉన్నచోటల్లా ఎర్ర పెన్నుతో చుక్క దింపింది. షాఫ్టంటే బావి లాంటి నిలువు గుంత. మనిషి పట్టేంత వెడల్పు, అడుగు ఎంత లోతో ఎవరికీ తెలియదు. తవ్వినవాళ్ళు పైన నాలుగు దుంగలు అడ్డం వేసి పోయారు. దుంగలు పుచ్చిపోయాయి, ఆకులు రాలి కప్పేశాయి. మీద నడిచేదాకా అది నేలే.

నేను ఆమెతో మొదటిసారి వెళ్ళిన రోజు అది తెలియక హుషారుగా ముందు నడిచాను. వెనక నుంచి చొక్కా కాలరు పట్టి గుంజింది. మెడ తెగిందనుకున్నాను. వెల్లకిలా పడ్డాను.

"సావాలని ఉంటే మీ ఊర్లో సావుపోబ్బా. నా ఎంట వస్తే నా ఎనక నడువు."

నేను పడిన చోటుకు రెండు గజాల ముందు నేల కొంచెం గుల్లగా, పళ్ళెంలా దిగి ఉంది. అంతే. అందులో భయపడాల్సిందేమిటో నాకు తోచలేదు. ఆమె పలుగుతో ఆకుల్ని నెడితే కింద చీకటి కనిపించింది. ఆమె చేతులు వణుకుతున్నాయి. ఆఫీసులో పెద్ద పెద్ద మేనేజర్లను నిలబెట్టి కడిగేసే మనిషి చేతులు అలా వణకడం నేనెప్పుడూ చూడలేదు. ఇంత భయమున్న మనిషి వారం వారం ఇక్కడికెందుకు వస్తోందని అడగాలనిపించింది. అడగలేదు. ఆమెను సొంత విషయాలు అడగడమంటే కందిరీగల తుట్టెలో చేయిపెట్టడమే.

రెండు వేల సంవత్సరం ఏ గొడవా లేకుండా వచ్చేసింది. ఆ ఏడు చలికాలంలో జరిగింది నేను చెప్పదలచుకున్న సంగతి.

సుజాతను పెళ్ళి చేసుకుని తెచ్చుకుని అప్పటికి కొన్ని నెలలే. ఊరు కొత్త, భాష కొత్త, నేను పొద్దున పోతే రాత్రికి రావడం. ఇంట్లో కూర్చుని విసిగిపోయి, "మీ అక్క అడవికి నేనూ వస్తాను" అంది. దానికి అక్క ఒకటే షరతు పెట్టింది. "ఎనక నడుస్తానంటే రా పాపా. ముందు నడుస్తానంటే ఇంట్లో ఉండు."

ఆ వారమే నేనొక జీపీఎస్ డబ్బా కొన్నాను. ఫోన్లలో మ్యాపులు లేని కాలం. అరచేతిలో పట్టే ఆ డబ్బా మనం నిలబడ్డ చోటును రెండు పెద్ద అంకెల్లో చెప్పేది. ఆ అంకెల్ని మ్యాపు మీది గళ్ళతో సరిచూసుకుంటే మన చోటు దొరికినట్టే. నేను కారు దిగిన దగ్గర్నుంచి దాని గురించే చెబుతుంటే ఆమె, "ఇంగ మూసుకోని జేబులో పెట్టుబ్బా" అంది. చివరకు సుజాతకు ఆడుకోమని ఇచ్చాను.

ఆ రోజు వెతుకుతున్నది వాగు పక్క ఒక పాత బడి స్థలం. ముందు ఆమె, చెవులకు హెడ్‌ఫోన్లు, నడుముకు పలుగు. వెనక నేను, చేతిలో పార. నా వెనక సుజాత, మెడలో కెమెరా. మధ్యాహ్నం జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి తిన్నాం. తర్వాత ఒక కూత వచ్చింది. తవ్వాం. పిల్లాడి బూటు కొక్కీ. ఆమె దాన్ని ఉమ్మితో తుడిచి, "చూడు పాపా" అని చేయి వెనక్కి చాపింది. తీసుకునే చేయి లేదు.

వెనక ఎవరూ లేరు.

"ఏదిబ్బా పిల్ల?"

"ఇక్కడే ఉంది."

"ఈడంటే యాడ?"

సుజాతా అని అరిచాను. గాలి ఎదురుగా కొడుతోంది, నా గొంతు నా మొహానికే తగిలినట్టుంది. ఆమె హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకుని గట్టు మీదికి, కారు దగ్గరికి నడిచింది. ఫోనుకు సిగ్నలు సరిగ్గా అక్కడే దొరుకుతుంది. నేను వెనకే పరిగెత్తాను. గట్టెక్కామో లేదో నా ఫోను మోగింది. సుజాత ఫోను నుంచే.

"ఏవండీ, పచ్చటి పూలు, మన తుమ్మపూలలాగే ఉన్నాయి, చూసుకుంటూ వచ్చేశాను. ఇటు తిరిగితే అన్నీ ఒకే రకం చెట్లు. కాలు మెలికపడింది, నడవలేను."

"ఎక్కడున్నావే?"

"అది తెలిస్తే ఫోనెందుకు చేస్తానండీ?" గొంతులో ఏడుపుంది.

అక్క నా చేతిలోంచి ఫోను లాక్కుంది. "పాపా, ఉన్న కాడ ఉండు. అడుగు తీసి అడుగు పెట్టొద్దు. మీ ఆయన డబ్బాలో అంకెలుంటాయి సూడు, అవి సదువు. నిదానంగా." సుజాత చదువుతుంటే ఎర్ర పెన్నుతో అరచేతిలో రాసుకుంది. మళ్ళీ చదివించింది. చివరి అంకె దగ్గర లైను తెగిపోయింది. తిరిగి చేస్తే కలవలేదు.

కారు బానెట్ మీద మ్యాపు పరిచి, గాలికి ఎగరకుండా నా రెండు చేతులూ దాని మీద పెట్టించి, చిన్న స్కేలుతో కొలిచింది. గుర్తు పడిన చోటు వాగుకు అవతల, ఖాళీ గడ్డినేల. చుట్టుపక్కల ఒక్క ఎర్ర చుక్క లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక్కడి అత్యవసర నంబరు ట్రిపుల్ జీరోకు ఫోన్ చేశాను. టౌన్ నుంచి మనుషులు రావాలి, గంటకు పైనే పడుతుందన్నారు. చలికాలం పొద్దు, సాయంత్రం ఐదు దాటితే అడవిలో ఏమీ కనపడదు. అప్పటికే నీడలు సాగాయి.

వాగు దాటి ఆ చోటికి చేరుకున్నాం. మోకాలెత్తు గడ్డి. దూరంగా రెండు కంగారూలు తలెత్తి చూసి గెంతుకుంటూ పోయాయి. మనిషి లేదు. గడ్డి నలిగిన జాడ కూడా లేదు. ఇద్దరం గొంతులు పోయేలా అరిచాం. జవాబు లేదు.

అప్పుడామె చేసిన పని చూసి నాకు మతిపోయింది. మ్యాపు ఒళ్ళో పెట్టుకుని గడ్డిలో చతికిలబడింది.

"అక్కా, కూర్చున్నారేంటండీ! పొద్దుపోతోంది!"

అరచేతిలోని అంకెల్ని చూస్తోంది. మ్యాపును చూస్తోంది. నేను అటూ ఇటూ పరిగెత్తి మళ్ళీ వచ్చాను. ఇంకా అలాగే ఉంది. ఆ క్షణంలో ఆమె మీద నాకు పుట్టిన కోపం నా జన్మలో ఇంకెవరి మీదా పుట్టలేదు. పట్టుకుని ఊపేద్దామన్నంత దగ్గరికి వెళ్ళాను.

"ఈ అంకెలు యాడనుంచి లెక్క?" అంది. నన్ను కాదు, తనను తాను అడుగుతోంది.

"ఇప్పుడా అక్కా మీ పాఠం!"

"నోరుముయ్యి. నీ డబ్బాది కొత్త లెక్క. ఈ మ్యాపుది పాత లెక్క." ఒళ్ళోని కాగితం మీద గట్టిగా కొట్టింది. "ఈ ఏడు మ్యాపులన్నీ కొత్త లెక్కకు మారుస్తాండారు. గళ్ళు మొదలయ్యే చోటే జరిపినారు. అవే అంకెలు, చోటు మాత్రం రెండు నూర్ల మీటర్లు తేడా. మ్యాపుల షాపాయన చెప్పినాడు నాకు. చెప్పినాడు! రెండేండ్లు అందరినీ ఇదే అడిగి సంపినా. ఈడికొచ్చి గాడిద మాదిరి గుడ్డిగా గుర్తు పెట్టినా."

"ఎటువైపు తేడా?"

ఆమె లేచింది. ఈశాన్యం వైపు చూసింది. అటు చదును నేల, పలచటి చెట్లు, దూరంగా మట్టిరోడ్డు. నైరుతి వైపు చూసింది. అటు దట్టమైన అడవి. మ్యాపులో ఆ మూల నిండా ఎర్ర చుక్కలే, పొంగు పోసిన ఒళ్ళులా.

"ఇటు" అని నైరుతికి చేయి చూపించింది.

నేను రోడ్డు వైపే చూశాను. "అటు రోడ్డుంది కదక్కా. సుజాత రోడ్డు వైపే పోయి ఉంటుంది. పోనీ నేను అటు పోతాను, మీరు ఇటు వెళ్ళండి."

"ఇది ఒగరితో అయ్యే పని గాదు. నా అడుగులో అడుగు పెట్టి రా."

ఆ నడక నాకిప్పటికీ కలలోకి వస్తుంది. ఆమె డిటెక్టరు అక్కడే పడేసి పలుగు తిరగేసి పట్టుకుంది. అడుగు వేసే ముందు దాని పిడికర్రతో నేలను పొడిచి, గట్టిగా ఉంటేనే పాదం మోపింది. ఆమె పాదం తీసిన చోట నేను పాదం పెట్టాను. అంత తొందరలో అంత మెల్లగా నడవాల్సి రావడం కంటే నరకం లేదు. పరుగెత్తాలని ఒళ్ళంతా గుంజుతోంది. కుడివైపు ఒక గొయ్యి, ఎడమవైపు ఇంకొకటి, వాటి చుట్టూ తవ్విపోసిన తెల్లమట్టి కుప్పలు. వెలుతురు తగ్గేకొద్దీ ఏది నీడో ఏది గొయ్యో తెలియడం లేదు. మధ్యమధ్య ఆమె ఆగి, "పాపా" అని పిలిచేది. పిలిచి ఊపిరి బిగబట్టి వినేది.

ఎంతసేపు నడిచామో తెలియదు. ముందు పచ్చటి పూల చెట్టు కనిపించింది. దాని కింద సుజాత.

కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి మొహమంతా నవ్వయింది. చేయి ఊపింది. "ఏవండీ, ఇక్కడ చక్కటి అరుగు దొరికింది, కూర్చున్నాను" అంటూ లేవబోయింది.

"లేయొద్దు!"

ఆ అరుపుకు చెట్టు మీది పక్షులన్నీ లేచిపోయాయి. సుజాత అలాగే బిగుసుకుపోయింది. నేనప్పుడు చూశాను. తను కూర్చున్నది అరుగు కాదు. ఆకుల కింద పక్కపక్కన పరిచిన పాత దుంగలు. మెలికపడిన కాలు రెండు దుంగల సందున పిక్క దాకా దిగి ఉంది.

"అక్కా, ఇక్కడ..." వేలు పెట్టి దుంగల్ని చూపించాను.

"పాపా, నన్నే చూడు. కిందికి చూడొద్దు. మెల్లగ బోర్లా పండుకో. చేతులు ముందుకు సాపు. కాలు నిదానంగా పైకి తీ." ఆఫీసులో ఎప్పుడూ వినని గొంతు. పసిపిల్లను నిద్రపుచ్చే గొంతు. చెబుతూనే తను కూడా బోర్లా పడుకుంది. నా వైపు తిరిగి చూడకుండానే, "నా కాళ్ళు పట్టుకో. వదిలితే ముగ్గురం పోతాం" అంది.

బూట్లు రెండూ గుండెలకు అదుముకుని పట్టుకున్నాను. ఆమె పాములా పాకింది. మెడలో మఫ్లరు తీసి విసిరింది. సుజాత చేతికి అందింది. సుజాత కాలు లాక్కుంటుంటే ఒక దుంగ మెత్తగా, తడిసిన అట్టముక్కలా విరిగింది. విరిగి లోపలికి పోయింది. అది అడుగుకు తగిలిన చప్పుడు కోసం నేను చెవులు రిక్కించాను. నాకు వినపడలేదు.

"లాగు!" అంది. లాగాను. ఇద్దరూ వచ్చారు.

సుజాత నన్ను పట్టుకుని ఏడుస్తోంది. నేనూ ఏడుస్తున్నాను. ఆమె కొంచెం దూరంగా మోకాళ్ళ మీద కూర్చుని, జేబులోంచి మ్యాపు తీసి, ఆ చోట ఎర్ర పెన్నుతో చుక్క పెట్టింది. నూరేళ్ళ కిందటి పటంలో కూడా ఆ గుంత లేదట. చుక్క పెట్టాక పెన్ను మూత పెట్టడం ఆమె వల్ల కాలేదు. నేను తీసుకుని పెట్టాను.

ట్రిపుల్ జీరో వాళ్ళు వచ్చేసరికి మేం కారు దగ్గర ఉన్నాం. వాళ్ళు సుజాత కాలు చూసి, కట్టుకట్టి, మమ్మల్ని నాలుగు మాటలని పంపించారు. తిరుగుదారిలో నేను కారు నడిపాను. సుజాత వెనక సీట్లో పడుకుని వెంటనే నిద్రపోయింది. ఆమె నా పక్కన, మఫ్లరు లేని మెడతో, అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

"అక్కా, నైరుతి అని మీకెట్లా గుర్తొచ్చింది?" అన్నాను చివరికి.

"రాలేదు."

నాకు అర్థం కాలేదు. రోడ్డు మీంచి చూపు తిప్పి ఆమెను చూశాను.

"ముందు చూసి నడుపు. షాపాయన చెప్పినాడు, నేను ఇంగొక మ్యాపు చూస్తా ఊకొట్టినా. ఈశాన్యమో నైరుతో, ఆ రెండిట్లో ఒకటి. అంతవరకే గుర్తుండేది. ఏది అనేది ఇప్పటికీ తెలీదు నాకు."

"మరి అంత గట్టిగా ఇటు అన్నారు?"

"రోడ్డు పక్క ఉంటే పాప గడ్డి మీద కూసోని నిన్ను తిట్టుకుంటా ఉంటాది. ఆలస్యమైనా ఏమీ గాదు. ఈ పక్క ఉంటే ఆగేదానికిల్లేదు."

మళ్ళీ బయటికి చూస్తూనే అంది. "మా ఊర్లో గూడా గనులుండె. మేం పుట్టకముందే మూసేసినారు. మా అన్న తప్పిపోయినప్పుడు ఊరు ఊరంతా ఎదికినారు. సంతలో ఎదికినారు, బస్టాండులో ఎదికినారు, సినిమా టెంటు కాడ, సుట్టాలిండ్లల్లో, అన్ని సోట్లా ఎదికినారు. గుంతల పక్కకు మాత్రం ఆఖర్న పోయినారు. ఎవురికీ పిల్లోడి మీద ప్రేమ లేక గాదు. ఆడ ఉండకూడదు దేవుడా అని. ఉండకూడదనుకున్న చోటు గదా. అందుకే ఆఖర్న పోయినారు."

అద్దంలో వెనక సీటు చూశాను. సుజాత నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది. నాకు రోడ్డు సరిగ్గా కనపడలేదు. కారు పక్కకు తీసి ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకుని బావురుమన్నాను.

ఆమె నా వీపు మీద చేయి వేసింది.

"మెల్లగబ్బా" అంది. "పాప లేస్తాది."